ఏట్లో కలవని చిటికెడు

"వాడిది ఏదో ఈ ఇంట్లోనే ఆగిపోయిందంట. అందుకే నా గొర్లు రాలిపోతుండాయి. దాచిందెవరో చెప్పండి" అన్నాడు బ్రహ్మం, చెప్పులైనా విడవకుండా గడపలో నిలబడి.

మహేశ్వరి చేతిలోని టీ గ్లాసు అలాగే ఉండిపోయింది. రాచర్ల నుంచి తొలి బస్సుకు వచ్చిన బావగారు మంచినీళ్లు కూడా ముట్టలేదు. ఆయన తమ్ముడు, ఆమె భర్త మధుసూదన్ పోయి ఏడాది కావస్తోంది. సంవత్సరీకం దగ్గరపడే వేళకు మందలో గొర్రెలు ఒకదాని వెనక ఒకటి చనిపోతుంటే, ఆయన పశువుల డాక్టరు దగ్గరికి పోకుండా సోదె చెప్పే ఆమె దగ్గరికి పోయాడు. చనిపోయినవాడి అస్థికలు మొత్తం ఏట్లో కలవలేదనీ, కొంత ఇంట్లో ఎవరి దగ్గరో ఉందనీ ఆమె చెప్పిందట! ఊరంతటికీ అదే మాట చెబుతుందో ఏమో గానీ, ఈసారి మాత్రం గురి తగిలింది...

నింద ఇంట్లోకి వస్తే దానికి దారి చూపించేవాళ్లు అక్కర్లేదు తల్లీ! నేరుగా కోడలి దగ్గరికే నడిచివెళుతుంది. బ్రహ్మం చూపు కూడా తల్లి వంక తిరగలేదు. మరదలి మీదే ఆగింది. మూలన మంచం మీద కూర్చున్న అత్త పోలమ్మ చెయ్యి మాత్రం చప్పున నడుముకు కట్టుకున్న ఆకు వక్కల సంచి మీదికి పోయింది. అది మహేశ్వరి ఒక్కతే చూసింది.

ఆమెకు ఎప్పటి నుంచో తెలుసు. చితి చల్లారాక మగవాళ్లు ఎముకలు ఏరి కొత్త కుండలో పెట్టి తెచ్చారు. ఆ కుండను ఇంట్లోకి తీసుకురాకూడదు కదా, ముందున్న వేపకొమ్మకు వేలాడదీశారు. మరునాడు తెల్లవారుతుండగా, కుండను ఏటికి తీసుకుపోయేలోపు, పోలమ్మ చెట్టు కింద నిలబడి కుండ మూతికి కట్టిన గుడ్డను విప్పడం, చెయ్యి లోపలికి పెట్టడం, చిటికెడు తీసి కొడుకు ఖాకీ చొక్కా జేబు ముక్కలో కట్టుకోవడం కిటికీలోంచి మహేశ్వరి చూసింది. చూసి కళ్లు మూసుకుంది. నవమాసాలు మోసిన తల్లిని ఏమని అడుగుతుంది! అడిగితే ఎవరు తట్టుకుంటారు! ఆ రోజు నుంచి ఆకు వక్కల సంచిలో ఆకులు తగ్గాయి, పోలమ్మ తిండి తగ్గింది, మాట తగ్గింది...

"నేనే దాచినాను బావా" అంది మహేశ్వరి.

బ్రహ్మం ఒక అడుగు లోపలికి వేశాడు. పోలమ్మ తల ఎత్తలేదు.

"తెలివి ఉండే చేసినావా? వాని ఆత్మ యాడ తిరుగుతాదో తెలుసునా? ఇప్పుడన్నా కృష్ణలో కలిపిరా. ఏడాది దినం లోపల కలపకపోతే మా అమ్మను రాచర్లకు తీసుకపోతా. నీ దగ్గర ఇంక ఉంచను."

పిల్లలు లేని ఆ ఇంట్లో ఆమెకు మిగిలింది ఆ ముసలి ప్రాణం ఒక్కటే. రాతి పలకలు కోసే ఫ్యాక్టరీ నుంచి ఒంటినిండా బూడిదరంగు దుమ్ముతో తిరిగివచ్చే కోడలికి నీళ్లు కాచిపెట్టే చేతులవి. మాట లేకపోయినా, ఇంట్లో ఒక మనిషి ఎదురుచూస్తోందన్న ధైర్యం... అదీ పోతే ఆ తలుపు ఎవరికోసం తీయాలి?

సరిగ్గా అప్పుడే పక్కింటి లాల్బీ కూతురు అర్షియా, వాకిట్లోనే ఆ మాటలు విని, మెడలో గైడు కార్డుతో లోపలికి వచ్చింది. మధుసూదన్ టూరిస్టు బస్సు డ్రైవరు. బడిపిల్లలను నాగార్జునకొండకు తీసుకుపోయి వచ్చినప్పుడల్లా, "ఆ రాళ్లు మీరు చూడాల్నమ్మా, ఒకసారి ఇద్దర్నీ తీసుకపోతా" అనేవాడు. అర్షియా టూరిజం చదువుతున్నప్పుడు, "బస్సు నేను తోలతా, కథలు నువ్వు చెప్పు చెల్లే" అని బౌద్ధ క్షేత్రాల యాత్రకు దారంతా తానే గీసి ఇచ్చాడు. ఆ యాత్ర మొదలయ్యేలోపే ఒక ఉదయం స్టీరింగు మీద తల వాల్చేశాడు... బస్సు ఇంకా స్టార్టు కూడా చేయలేదు. ఇప్పుడు అర్షియా తన మొదటి యాత్రలో డ్రైవరు వెనక రెండు సీట్లు ఎవరికీ ఇవ్వకుండా ఆపి ఉంచింది.

"వదినా, రేపు పొద్దున్నే బస్సు. అన్న అనుకున్న దారే. అమరావతిలో కృష్ణ ఉంది, నాగార్జునకొండ కాడ కూడా ఉంది. నువ్వు, అవ్వ రాండి."

"ఏడాది తిరగని ఇంటివాళ్లు గుళ్లకు పోతారా?" అన్నాడు బ్రహ్మం.

"అవి గుళ్లు కాదు అన్నా, స్తూపాలు."

బ్రహ్మం ఏమనబోయాడో గానీ, మంచం మీది నుంచి పోలమ్మ గొంతు వినిపించింది. "నేను గూడా పోతా." అంతే. కోడలి మీద పడ్డ నింద గురించి ఒక్క మాట లేదు! మహేశ్వరికి కోపం రాలేదంటే అబద్ధమే అవుతుంది. వంటింట్లోకి పోయి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చి, మొహం కడుక్కుని, దారికి పులిహోర కలిపింది.

మొదట ఆగింది దొనకొండ దగ్గర చందవరంలో. గుండ్లకమ్మ ఒడ్డున ఒక గుట్ట, దాని మీద స్తూపం. బస్సులోని వాళ్లంతా సెల్‌ఫోన్లు తీసుకుని ఎక్కుతుంటే పోలమ్మ కింద రాయి మీద కూర్చుండిపోయింది. సూతకంలో గుట్ట ఎక్కనంది. అర్షియా ఆమె పక్కన గొంతుకూర్చుంది.

"ఇక్కడ పూజారి లేడు, హారతి లేదు అవ్వా. నువ్వొస్తే మైలపడే దేవుడు కూడా లేడు."

"మరి లోపల ఏముంటాది?"

"బుద్ధుడు పోయినాక ఆయన్ను కాల్చినారు. మిగిలిన ఎముకలు, బూడిద... అట్లాంటివి లోపల పెట్టి, వాటి మీద ఇట్లా స్తూపం కట్టేవాళ్లు. ఆయనవే కాదు, పెద్ద పెద్ద భిక్షువులవి కూడా. చుట్టూ చిన్న చిన్నవి ఉన్నాయి చూడు, అవన్నీ అట్లాంటి గుర్తులే."

పోలమ్మ చెయ్యి మళ్లీ సంచి మీదికి పోయింది. "బూడిదనా? ఏట్లో కలపకుండానా? ఏరు ఇంత దగ్గర పెట్టుకోని?"

"కలపకుండానే."

పోలమ్మ కోడలి భుజం పట్టుకుని లేచింది. మోకాళ్లు పట్టేస్తున్నా మెల్లగా గుట్ట ఎక్కి, గాలికి చెంగు ఎగురుతుంటే ఆ గుండ్రటి ఇటుకల చుట్టూ తిరిగింది. ఎంత చక్కటి చోటు అది! కింద సన్నగా ఏరు, పైన ఆకాశం, మధ్యలో రెండువేల ఏళ్ల నాటి మనుషులు ఎవరి గుర్తునో పదిలంగా దాచుకున్న ఇటుకల దిబ్బ... మహేశ్వరికి కళ్లు చెమర్చాయి. దండం పెట్టాలా వద్దా అని తెలియక, పెట్టేసింది.

ఆ సాయంత్రానికి అమరావతి చేరారు. మ్యూజియంలో చెక్కిన రాళ్ల ముందు మహేశ్వరి కాళ్లు కదల్లేదు. ఉలి కాస్త పక్కకు తగిలితే పెళ్లుమని విడిపోయే రాయితో రోజూ సావాసం చేసే మనిషి కదా... తామరపూల రేకులు, తలలు వంచి మొక్కుతున్న ఆడవాళ్లు, వాళ్ల చేతి గాజులు, చీర కుచ్చిళ్ల మడతలతో సహా రాతిలో కనబడుతుంటే, ఎంత ఓపిక, ఎంత ప్రేమ ఉంటే ఆ చెయ్యి అలా నడిచిందో అని అబ్బురపడింది. ఇవి చూడాలనేనా ఆయన అన్నిసార్లు చెప్పింది! పక్కన ఉంటే వేలు పెట్టి చూపించేవాడు...

అర్షియా గొంతు పెంచకుండా చెబుతోంది. చిన్నప్పుడు మేడమీద పిట్టలకు గింజలు వేసే పిల్ల, ఇంతమందిని కదలకుండా నిలబెట్టి మాట్లాడుతుంటే లాల్బీ చూడాల్సింది. "బుద్ధుడి అస్థికలు మాకు కావాలంటే మాకు కావాలని రాజులు యుద్ధానికి వచ్చినారంట. ఒక పెద్దాయన మధ్యలో నిలబడి, ఆయన శాంతి చెప్పినవాడు, ఆయన ఎముకల కోసం కొట్టుకుంటారా అని, ఎనిమిది భాగాలు చేసి అందరికీ పంచినాడంట. ప్రేమ ఉన్న ప్రతివాళ్లకూ భాగం ఉంటాదని."

పోలమ్మ ఆ మాట విని కోడలి వంక చూసింది. మహేశ్వరి రాయి వంక చూస్తోంది.

మరునాడు పొద్దున రేవులో మెట్లు దిగి నిలబడ్డారు ఇద్దరూ. కృష్ణమ్మ నిండుగా, నిమ్మళంగా పారుతోంది. మహేశ్వరి చెయ్యి చాచలేదు. 'ఇవ్వండి అత్తా' అనే మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. అడిగితే అత్త దాచిందని మొహం మీద అన్నట్టవుతుంది. అడగకపోతే ఇంటికి పోయాక బావగారు అత్తను తీసుకుపోతాడు... పోలమ్మ సంచి విప్పింది, కాసేపు అలాగే పట్టుకుంది, మళ్లీ కట్టేసింది. "ఇక్కడ కాదు" అంది. ఇద్దరూ మెట్లెక్కి వచ్చేశారు. ఇంక మిగిలింది నాగార్జునకొండ ఒక్కటే.

విజయపురిలో లాంచీ ఎక్కాక నీళ్లు తప్ప ఏమీ కనిపించలేదు. పోలమ్మ కడ్డీ పట్టుకుని కూర్చుంది. కొండ మీదికి చేరి, మ్యూజియం చూసి, బయట పచ్చిక మధ్య మళ్లీ నిలబెట్టిన కట్టడాల దగ్గరికి వచ్చాక అర్షియా అందరినీ నీడలో కూర్చోబెట్టింది.

"ఇవి మొదట ఈ కొండ మీద లేవు. కింద లోయలో ఉండేవి. ఇప్పుడు మనం లాంచీలో దాటినామే, ఆ నీళ్ల కింద. అక్కడి మహాస్తూపంలో చిన్న బంగారు భరిణె, దాంట్లో శనగగింజంత ఎముక ముక్క దొరికింది. ఆ గింజంత దాని కోసం అంత పెద్ద స్తూపం కట్టినారు. తర్వాత డ్యాం కట్టేటప్పుడు లోయంతా మునుగుతాదని తెలిసి, మునిగేలోపు తవ్వి, ఇటుకా రాయీ విప్పి, వీలైనవి ఈ కొండ మీదికి మోసుకొచ్చి మళ్లా పేర్చినారు."

"నీళ్లల్లో కలిసేదాన్ని... మోసుకొచ్చినారా?" అంది పోలమ్మ.

"ఔనవ్వా. వదులుకోలేక."

అంతే! ఏడాదిగా కట్టుకున్న కట్ట తెగినట్టు పోలమ్మ భోరుమంది. బస్సులో వచ్చిన ఆడవాళ్లు కంగారుగా చుట్టూ చేరారు. ఆమె ఎవరినీ పట్టించుకోలేదు. కోడలి రెండు చేతులూ పట్టుకుంది.

"నేను గూడా వదులుకోలేక తీసినా మహేశ్వరీ. కుండలో చెయ్యి పెట్టినా. పాపం చేసినాననుకోని, ఏడాదిగా అన్నం సయించకుండా చచ్చినా. లాల్బీకి మొగుని సమాధి అన్నా ఉండాది, పండగనాడు కొడుకు పోయి పూలు పెట్టొస్తాడు. నాకు నా బిడ్డది పట్టుకోను ఏముండాది? వాన్ని నీళ్లకిచ్చి ఉత్త చేతులతో ఎట్ల ఇంటికొచ్చేది?" కోడలి మొహంలోకి చూసింది. "నువ్వు చూసినావు కదా ఆ పొద్దు?"

"చూసినా అత్తా."

"అందుకే నీ మీద వేసుకున్నావు."

మహేశ్వరి కన్నీళ్లు ధారలుగా కారుతుంటే అత్త తలను గుండెకు హత్తుకుంది. ఎన్ని నెలలైంది ఆ ఇంట్లో ఒకరిని ఒకరు ముట్టుకుని...

"అర్షియా, బ్రహ్మానికి ఫోన్ కలుపు" అంది పోలమ్మ, చెంగుతో మొహం తుడుచుకుని. ఒక్క గీత సిగ్నలుతో, తెగుతూ తెగుతూ కలిసింది. "రేయ్ నాయనా, నేనురా. దాచింది నేను. నీ మరదలు కాదు. నా తప్పు నెత్తిన పెట్టుకోని మొన్న నీతో తిట్లు తినింది. ఇంటికొచ్చి దానికి నువ్వు ఒక మాట చెప్పాల. నేను రాచర్లకు రాను, దాని దగ్గరే ఉంటా... గొర్లా? గొర్లకు డాక్టర్ను పిలిపించు. మీ తమ్ముడు బతికినన్నాళ్లూ ఒక చీమకు కీడు చేసినోడు కాదు, పోయినాక నీ గొర్ల మీద పడతాడా?"

అవతలి నుంచి బ్రహ్మం, "పోనీలే అమ్మా, ఏడవబాక. మహేశ్వరిని గూడా ఏడవద్దని చెప్పు" అన్నాడు.

తిరుగు లాంచీ నీళ్ల మధ్యకు వచ్చింది. ఆ లోయ తమ కిందే ఎక్కడో ఉందని తలుచుకుంటే మహేశ్వరికి ఒళ్లు జలదరించింది. పోలమ్మ సంచిలోంచి ఖాకీ గుడ్డ తీసింది. నాలుగుగా మడిచిన జేబు ముక్క... అంచున ఆయన పెన్ను పెట్టుకునేచోట సిరామరక అలాగే ఉంది. విప్పింది. చిటికెడంటే చిటికెడే. తెల్లగా, పిండిలా, మధ్యలో చిన్న ముక్క. ఏడాదిగా దాన్ని దూరం నుంచి చూడడమే గానీ, కట్టుకున్న ఇల్లాలు ఇప్పటిదాకా వేలితోనైనా ముట్టుకోలేదు!

పోలమ్మ గోటితో దాన్ని రెండుగా చేసింది. ఎముక ముక్క ఒక వైపు పెట్టి, ఆ వైపును కోడలి అరచేతిలో పోసింది.

"ఇది నీది. ఆ పొద్దే ఇయ్యాల్సింది. నేనొక్కదాన్నే తల్లిననుకున్నా, నువ్వు పెండ్లానివని మర్చిపోయినా."

"మీకో అత్తా?"

"నాకు చాల్లే. నేను ముసల్దాన్ని, రేపో మాపో వాని దగ్గరికే పోతా. నువ్వు చానా దూరం నడవాల." అని తన భాగాన్ని కడ్డీ మీదుగా వంగి నీళ్లలోకి వదిలింది. అది తేలిందో మునిగిందో కనబడలేదు. "పోయిరా నాయనా" అంది. ఈసారి ఏడవలేదు.

మహేశ్వరి తన భాగాన్ని ఖాకీ గుడ్డలో కట్టి, ఆ మూటను చీర కొంగులో పెట్టి ముడి వేసుకుంది. ముందు సీట్లో అర్షియా వెనక్కి తిరిగి చూసి, ఏమీ అనకుండా మళ్లీ నీళ్ల వైపు తిరిగింది. ఒడ్డు దగ్గరపడుతోంది. పోలమ్మ పులిహోర డబ్బా మూత తీసి, అడుగున మిగిలింది చేత్తో కలిపి, చాలాకాలం తర్వాత ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. రెండో ముద్ద కోడలి నోటికి అందించింది.

"ముడి గట్టిగా వేసినావా?"

"వేసినా అత్తా."

"గాలి చానా ఉండాది. ఇంకో ముడి వేసుకో."