మనోదీపిక

అప్పటికి జనం పదిమంది ముందు అబద్ధం ఆడటం మానేశారు. మంచితనం పెరిగి కాదు, ఆడితే దొరికిపోతారు కనుక. అసెంబ్లీలో సభ్యుడి ముందూ, కాలేజీలో లెక్చరర్ బల్ల మీదా, పెళ్లిచూపుల్లో కాఫీ కప్పుల పక్కనా నిమ్మకాయంత దీపం ఒకటి ఉండేది. దాని పేరు మనోదీపిక. అది 2083వ సంవత్సరం.

వెనకటి లై డిటెక్టర్లు గుండెదడనీ చెమటనీ కొలిచేవి. భయపడనివాడు వాటిని ఇట్టే దాటేసేవాడు. మనోదీపిక అలా కాదు. చెవి వెనక అతికించుకునే న్యూరల్ సెన్సర్, మాట నోట్లోంచి రాకముందే మెదడులో ఆ విషయం ఏ రూపంలో ఉందో చదువుతుంది. లోపల ఉన్నదీ బయటికి వచ్చినదీ ఒకటైతే దీపం ఆకుపచ్చగా వెలుగుతుంది. వేరైతే ఎరుపు. మనిషికే సందేహంగా ఉంటే పసుపు. దాన్ని కనిపెట్టినవాడు షేక్ ఖాజావలీ, ఒంగోలు పక్కన పుట్టిన నాడీశాస్త్రవేత్త.

దాన్ని మొదట ప్రజల ముందు పెట్టింది మాత్రం తురగా మృణాళిని. ఆదివారం ఉదయం పదింటికి ఆమె ప్రసారం చేసే ‘ఎదురుబొదురు’ కార్యక్రమంలో రాజకీయవేత్తలూ, ఆర్థికశాస్త్రజ్ఞులూ, సమాజం గురించి ఆలోచించేవాళ్లూ వచ్చి మాట్లాడేవారు. దీపం బల్ల మీదికి వచ్చిన మొదటి ఏడాదిలోనే సగంమంది పాత అతిథులు రావడం మానేశారు. వచ్చినవాళ్ల మాటకు విలువ పెరిగింది. మృణాళినికి అదే కావలసింది.

ఆ 2083లోనే హంసలరేవులో ఓటింగు పెట్టారు. మూడు లక్షల జనాభా ఉన్న ఆ పట్నాన్ని సముద్రం ఏటా కొంచెం కొంచెంగా కోసుకుపోతోంది. తీరం పొడవునా గోడ కట్టడమా, ఊరినే నలభై కిలోమీటర్లు లోపలికి తరలించడమా, ఏదో ఒకటి జనమే తేల్చాలి.

మొదటి ఆదివారం బొడ్డేపల్లి అప్పలస్వామి వచ్చాడు. డెబ్భై రెండేళ్ల ఆర్థికశాస్త్రజ్ఞుడు, శ్రీకాకుళం మనిషి.

“గోడ నిలుస్తుందాండీ?” అని అడిగింది మృణాళిని.

“తెలీదమ్మా. నిలిస్తే నిలవొచ్చు. సగం సగం.”

దీపం పసుపురంగులోకి మారింది.

“మరి జనం ఏం చెయ్యాలి?”

“కదిలిపోతేనే మంచిదని నా ఉద్దేశం. ఉద్దేశమే, రుజువు కాదు.” దీపం ఇంకా పసుపుగానే ఉంది. ముసలాయన దానివైపు చూసి చిన్నగా నవ్వాడు. “ఒక్క సంగతి మాత్రం గట్టిగా చెప్పగలను. గోడ కట్టాక దాని వెనక జనం తగ్గరు, పెరుగుతారు. ధీమా వచ్చేస్తుంది కదా. ఇవాళ చేపలు ఎండబెట్టే చోట రేపు మేడలు లేస్తాయి. గోడ కూలిందంటే అప్పుడు పోయేది ఇప్పటికి రెండింతలు.”

ఆ మాటకు దీపం ఆకుపచ్చగా వెలిగింది. కానీ మర్నాడు టీ కొట్ల దగ్గర ఎవరిని కదిపినా ఒకటే మాట. “పాపం పెద్దాయన, పసుపు తిరిగిపోయాడు.”

తరవాతి ఆదివారం కొమరగిరి యశస్వి వచ్చాడు. రాజనీతి మీద అతను రాసిన పుస్తకాలు యువకులకు కంఠస్థం. నలభై ఎనిమిదేళ్ల వయసు, తొణకని గొంతు.

“సమాజాన్ని నిలబెట్టేది ఉమ్మడి సంకల్పం,” అన్నాడు. “సముద్రాన్ని చూసి పారిపోయిన ఊరు రేపు మరొకదాన్ని చూసి పారిపోతుంది. గోడ నిలుస్తుంది. వందేళ్లు నిలుస్తుంది.”

దీపం ఆకుపచ్చగా, రెప్పపాటు కూడా తడబడకుండా వెలిగింది. ఇళ్లలో తెరల మీద ఆ వెలుగు చూస్తూ శ్రోతలు ఊపిరి పీల్చుకున్నారు. నూటికి ఎనభై ఒక్క మంది గోడకే ఓటు వేశారు.

నాలుగేళ్లలో గోడ లేచింది. దాని నీడన మరో లక్షమంది చేరారు. గోడ పూర్తయిన ఆరో ఏట, కార్తీకంలో వచ్చిన తుపానుకు రెండుచోట్ల తెగింది. నూట పన్నెండు మంది పోయారు.

మృణాళిని అప్పలస్వామికి ఫోన్ చేసింది. ఎనభై రెండేళ్ల గొంతు నూతిలోంచి వచ్చినట్టు వినిపించింది.

“మీరు చెప్పిందే జరిగిందండీ.”

“నేను సగం సగం అన్నాను కదమ్మా. ఆ రెండో సగం జరిగుంటే బాగుండేది,” అని ఆయన ఫోన్ పెట్టేశాడు.

ఆ ఆదివారం ఆమె యశస్విని మళ్లీ పిలిచింది. ఇవాళ ఎర్రదీపం చూడవలసి వస్తుందని తెలిసే కూర్చుంది.

“గోడ వందేళ్లు నిలుస్తుందన్నారు మీరు.”

“నేను అలా అనలేదండీ,” అన్నాడు యశస్వి, నిజంగా నొచ్చుకుంటూ. “గోడతో ప్రమాదం ఉందని ఆ రోజే హెచ్చరించాను. సంకల్పం ఉంటేనే నిలుస్తుందన్నాను. ఆ సంకల్పం మనలో లోపించింది.”

దీపం ఆకుపచ్చగా వెలిగింది.

కార్యక్రమం అయ్యీ అవగానే ఆమె కారెక్కి ఖాజావలీ ప్రయోగశాలకు వెళ్లింది. సెన్సర్‌ను బల్ల మీద పడేసి, “మీ దీపిక పాడైపోయింది వలీ గారూ,” అంది.

ఆయన గంటసేపు పరీక్షించాడు. “బాగానే ఉందమ్మా. ఆయన అబద్ధం ఆడలేదు.”

“అనలేదంటాడేంటండీ! ఊరంతా విన్నదాన్ని!”

“అబద్ధం ఆడాలంటే ముందు నిజం గుర్తుండాలి కదా. నా దీపం మనిషి లోపలున్నదే చూపిస్తుంది. లోపల ఎప్పుడు తిరగరాసుకున్నాడో చూపించదు.”

మృణాళిని కుర్చీ లాక్కుని కూర్చుంది. తరవాత నెమ్మదిగా అంది, “నేనైతే నా పని చేశాను. గోడ వెనక జనం పెరిగితే ఎలా అని ఆ రోజే ఆయన్ని నిలదీశాను. ఆయనే దాటేశాడు.”

ఖాజావలీ సెన్సర్‌ను ఆమె చెవి వెనక అతికించాడు. “ఆ మాట మళ్లీ అనండి, రికార్డు చేస్తాను.”

అంది. దీపం ఆకుపచ్చగా వెలిగింది.

ఆయన పాత రికార్డింగు తెరిచి పెట్టాడు. ముప్ఫై ఎనిమిది నిమిషాలు. ఇద్దరూ మొదటినుంచి చివరిదాకా విన్నారు. అందులో ఆ ప్రశ్న లేదు. యశస్వి వందేళ్లు అన్న తరవాత ఆమె గొంతు, “చాలా సంతోషమండీ,” అంటోంది. అంతే.

ఆ గొంతు తనదే. అందులోని నిశ్చింతా తనదే. మృణాళిని మొహం చేతుల్లో దాచుకుంది. ఖాజావలీ ఆమెకు మంచినీళ్లు ఇచ్చి, కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

మరుసటి ఆదివారం ఆమె అతిథిని ఎవరినీ పిలవలేదు. రెండు రికార్డింగులూ వరసగా వినిపించింది. మొదట ప్రయోగశాలలో దీపం ముందు తను అన్న మాట, తరవాత పదేళ్లనాటి సంభాషణ. “నేను అడగలేదు. అడిగాననే ఇన్నాళ్లూ నమ్మాను. నన్ను మన్నించండి,” అని ముగించింది. ఇరవై తొమ్మిదేళ్ల పరువు పోయినా సరే, కనీసం వినేవాళ్లు ఎవరి లోపలికి వాళ్లు ఒకసారి తొంగిచూసుకుంటారని ఆమె ఆశ.

సాయంత్రానికల్లా నలభై వేల సందేశాలు వచ్చాయి. ఆ రోజుల్లో ప్రతి సందేశానికీ దీపం రంగు జతపడి వచ్చేది. ఆమె ఒక్కొక్కటే వినసాగింది.

“మీరు ఆ ప్రశ్న అడగలేదని మేం అప్పుడే అనుకున్నామండీ,” అంది హంసలరేవు నుంచి ఒక టీచరు.

“ఆ రోజే మా ఇంట్లో అందరికీ చెప్పాను మేడమ్, ఈ గోడ నిలవదని. నేను ఓటు కూడా వెయ్యలేదు దానికి,” అన్నాడు ఒక పడవ మెకానిక్కు.

“మేమెవరమూ వెయ్యలేదు,” అన్నారు తరవాతివాళ్లు, ఆ తరవాతివాళ్లు.

అన్నిటి పక్కనా దీపం ఆకుపచ్చగానే ఉంది.