వాలు సున్నా

ఆమె నా వెనకాలే పరుగెత్తుకొచ్చి, డబ్బాకున్న చిల్లుకు బొటనవేలు అడ్డం పెట్టేసింది.

"ఏమప్పా, చూసుకోవద్దా? బస్టాండు కాడినుంచీ చూస్తాండా, దారంతా కారిపోతాండాది! బాగేపల్లిలో నీళ్ళు ఎక్కువయినాయా ఏమి?"

నా చేతిలో పాత కిరసనాయిలు డబ్బా, భుజం మీద తువ్వాలు, కాళ్ళకు చెప్పుల్లేవు. స్కూలు జవాననుకుందని అర్థమైంది.

"వేలు తీయండమ్మా."

"తీస్తే కారుతుంది."

"కారాలనే మేకుతో చిల్లు కొట్టినా."

ఆమె నన్ను కిందినుంచి పైదాకా చూసింది. ముందు భయం, తర్వాత జాలి. "ఇంట్లో పెద్దోళ్ళు ఎవరన్నా ఉండారా అప్పా?" అని మెల్లగా అడిగింది.

అంతలో గేటు దగ్గర నుంచి తొమ్మిదో తరగతి పిల్లలు అరిచారు: "సార్! ఇరవైమూడో చుక్క తర్వాత చుక్కలే లేవు సార్!"

'సార్' అనే మాట విని ఆమె వేలు తీసింది. ఇరవైనాలుగో చుక్క మా ఇద్దరి మధ్య దుమ్ములో పడింది.

అది పందొమ్మిది వందల అరవై రెండు. నేను భీమసేన, లెక్కల మేష్టరుని. ఆమె వరమహాలక్ష్మి, చింతామణి నుంచి వచ్చిన కొత్త కన్నడ టీచరు.

నల్లబల్ల మీద గీసిన గీతను పిల్లలు నమ్మరు. అందుకని డబ్బా పట్టుకుని నడిచేవాణ్ణి. సెకనుకు ఒక చుక్క. ఒకే వేగంతో నడిస్తే చుక్కల మధ్య ఒకే దూరం. వేగం పెరిగితే చుక్కలు ఎడంగా పడతాయి, నెమ్మదిస్తే దగ్గరవుతాయి. పిల్లలు వాటిని కొలిచి, కాలం అడ్డంగా, దూరం నిలువుగా గ్రాఫు గీసేవారు. గీత ఎంత నిటారుగా ఉంటే మనిషి అంత వేగంగా నడిచినట్టు. ఆ నిటారుతనమే స్లోప్.

చిక్కంతా ఆ మాటతోనే వచ్చింది. మాది మైసూరు రాష్ట్రం, పాఠాలు కన్నడంలో; అందులో దాన్ని ఇళిజారు అంటారు. "గీత పైకి పోతాంటే ఇళిజారు అంటారేమి సార్?" అని పిల్లలు అడిగారు. నాకు జవాబు తెలియక స్టాఫ్ రూములో ఆమెనే అడిగాను.

"ఇళిజారు అంటే కిందికి జారేదే కదా మేష్ట్రే."

"మా గీత పైకి పోతాండాది."

"అయితే మీ గీతదే తప్పు." నవ్వింది. మళ్ళీ తనే, "మా ఇంట్లో తెలుగులో వాలు అంటాం. వాలు ఏ పక్కకైనా ఉంటాది. మనసు మాదిరి" అంది.

ఆ రోజు నుంచి నా తరగతిలో స్లోప్ 'వాలు' అయింది. కానీ 'మనసు మాదిరి' అన్న రెండు మాటలు నాతో గదికి వచ్చాయి, నాతోపాటు అన్నం తిన్నాయి. అవి కన్నడ టీచరు చెప్పిన ఉపమానమా, వరమహాలక్ష్మి చెప్పిన సంగతా? ఆమె అనేసి మరిచిపోయిన మాటను నేను దాచుకుంటున్నానా? ఒక మనిషి గురించి ఎంత ఎక్కువ ఆలోచిస్తే అంత తక్కువ తెలుస్తుందని అప్పుడే మొదటిసారి గమనించాను.

నాలుగు నెలలు అలాగే గడిచాయి. ఒక శుక్రవారం సాయంత్రం, సంచీ సర్దుకుంటూ ఆమె అంది:

"ఎల్లుండి చింతామణిలో నన్ను చూసేదానికి వస్తాండారు. చిక్కబళ్ళాపురం వాళ్ళంట. అబ్బాయికి కోర్టులో పనంట."

"మంచిదే" అన్నాను.

ఎందుకలా అన్నానో ఇప్పటికీ తెలియదు. నోరు నాది, మాట నాది కాదు. ఆమె ఇంకొంచెంసేపు సంచీ సర్దుకుంది. అప్పటికే సర్దడం అయిపోయింది.

మరునాడు శనివారం, ఒంటిపూట బడి. పిల్లల్లోనే ఎవరినైనా నడవమంటే తిమ్మక్క అనే పిల్ల లేచి, "మీరే నడవండి సార్, మేము గీస్తాం" అంది. గేటు నుంచి బావిదాకా నడిచాను. ఒకే వేగంతో నడిచానని ప్రమాణం చేసి చెప్పేవాణ్ణి.

పిల్లలు కొలిచి నల్లబల్ల మీద గీశారు. గీత చక్కగా పైకి లేచి, మధ్యలో ఒక చోట అడ్డంగా సాగి, మళ్ళీ లేచింది.

"సార్, ఈడ గీత పండుకొనేసింది!" అంది తిమ్మక్క.

వెళ్ళి చూశాను. పళ్ళెమంత చోటులో తొమ్మిది చుక్కలు. తొమ్మిది సెకన్లు నేను అక్కడ నిలబడిపోయాను. తల ఎత్తితే ఎదురుగా కన్నడ తరగతి కిటికీ ఉంది.

నాకు తెలియకుండా నా కాళ్ళు చెప్పేశాయి. అంతమంది పిల్లలు దాన్ని స్కేలు పెట్టి కొలిచారు.

గంట కొట్టాక, డస్టరు కోసం ఆమె మా తరగతికి వచ్చింది. బల్ల మీది గ్రాఫు చూసింది. "ఇది ఎవరు నడిచింది?"

"నేనే."

ఆమె పడుకున్న గీత మీద వేలు పెట్టింది. పిల్లలు అక్కడ 'కన్నడ కిటికీ' అని రాసిపెట్టారు. "ఈడ వాలు ఎంత మేష్ట్రే?"

"సున్నా."

"సున్నానా?"

"సున్నానే."

"బాగా చూసి చెప్పండి."

"చూసే చెప్తాండా. చుక్క తేడా లేదు. ఖచ్చితంగా సున్నా."

లెక్క తప్పలేదన్న గర్వంతో చెప్పాను. ఆమె డస్టరు తీసుకోకుండానే వెళ్ళిపోయింది.

"సార్," అంది తిమ్మక్క గుమ్మం దగ్గర నుంచి, "టీచరమ్మ కండ్లు తుడుచుకొంటా పోతాంది."

ఎందుకు? మళ్ళీ గీత వైపు తిరిగాను. వాలు మనసు మాదిరి అన్నది ఆమె. నీ కిటికీ దగ్గర నా వాలు సున్నా అన్నది నేను.

డబ్బా చేతిలో ఉండగానే బస్టాండుకు పరుగెత్తాను. చింతామణి బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. ఆమె కిటికీ పక్కన కూర్చుని ఉంది.

"టీచరమ్మా! సున్నా అంటే లేదని కాదు!"

బస్సులోని ఆడవాళ్ళందరూ నావైపు తిరిగారు. ఆమె ఒక్కతే తిరగలేదు.

"మేష్ట్రే," అన్నాడు కండక్టరు పిళ్ళప్ప, "ఎక్కేదుంటే ఎక్కండి. లెక్క చెప్పేదుంటే ఇస్కూల్లో చెప్పండి."

"వాలు సున్నా అంటే కాలం పోతాండాది, మనిషి పోలేదని! ఆడనే నిలబడిపోయినాడని! మీ కిటికీ కాడ తొమ్మిది చుక్కలు..."

డ్రైవరు హారన్ నొక్కాడు. ఆమె తిరిగి, చెవి దగ్గర చెయ్యి పెట్టి ఏదో అడిగింది. ఇంజను మోతలో నాకేమీ వినపడలేదు. బస్సు కదిలింది. ఏం చెయ్యాలో తోచక చేతిలోని డబ్బాను కిటికీలోంచి ఆమె ఒళ్ళో పడేశాను.

బస్సు కనుమరుగయ్యాక ఆలోచించాను. పెళ్ళిచూపులకు వెళ్ళే అమ్మాయికి చిల్లు డబ్బా ఎవడైనా ఇస్తాడా?

ఆదివారమంతా గదిలోనే కూర్చున్నాను. ఆమె విన్నదని గంటసేపు, వినలేదని గంటసేపు అనుకున్నాను. సాయంత్రానికి, అసలు నేను చెప్పానో లేదో కూడా అనుమానమొచ్చింది.

సోమవారం ఆకాశం మబ్బు పట్టి ఉంది. బస్టాండు మలుపు దాటగానే దారి దుమ్ములో ఒక చుక్క కనిపించింది. కొంత దూరంలో ఇంకొకటి. ఇంకొకటి.



మొదట చుక్కలు బాగా ఎడంగా ఉన్నాయి. మనిషి పరుగులాంటి నడకతో వచ్చింది. స్కూలు గేటు దగ్గర అవి మూరెడు దూరానికి వచ్చాయి, బావి దాటాక జానెడుకు. నా తరగతి గుమ్మం ముందు ఇక చుక్కలే లేవు. చిన్న మడుగు ఉంది.

లెక్కపెట్టబోయాను. తొమ్మిది కాదు, తొంభై కాదు.

లోపల చివరి బెంచీ మీద, ఖాళీ డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఆమె కూర్చుని ఉంది.

"టీచరమ్మా, ఈడ..." అని గుమ్మం చూపించాను.

"సున్నా," అంది. "ఖచ్చితంగా సున్నా. లోపలికి వచ్చేదానికి ధైర్యం చాలలేదు. నీళ్ళు అయిపోయినాక వస్తిని."

"బస్సులో వినపడిందా?"

"తొమ్మిది చుక్కలన్నది వినపడింది. మిగిలిన లెక్క చింతామణి పోయేలోపల నేనే చేసుకొన్యా."

"మరి నిన్న వచ్చినోళ్ళు?"

"వచ్చినారు. ఉప్పిట్టు తిన్నారు. పోయినారు. మా నాయన నన్ను పక్కకు పిలిచి, ఆ చిల్లు డబ్బా ఏందమ్మా, వచ్చినప్పటినుంచి ఒళ్ళోనుంచి దించలేదు అన్నాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పేసినా."

"ఏమన్నాడు?"

"ఆ మేష్ట్రు గోత్రమేందో కనుక్కొని రామ్మా అన్నాడు."

చెప్పడానికి నోరు తెరిచాను. గుర్తు రాలేదు. రోజూ పొద్దున సంధ్యావందనంలో చెప్పుకునే మాట, నా సొంత గోత్రం, ఎంత వెతికినా దొరకలేదు.

బయట వాన మొదలైంది. దారిలోని చుక్కల మీద ఆకాశపు చుక్కలు పడి, ఏది ఎవరిదో తెలియకుండా కలిసిపోతున్నాయి.

"నిదానంగా ఆలోచించండి మేష్ట్రే," అంది ఆమె, డబ్బా బెంచీ మీద పెట్టి. "నేను యాడికీ పోను."