లోపలి చీర

శివరాత్రి మరునాడు పొద్దున్నే భద్రమ్మ పెట్టె తెరిచి, తన పెళ్లినాటి ఎర్ర ధర్మవరం చీర తీసి పెరట్లో మంచం మీద పరిచింది. ఏడాదికి ఒక్కసారే ఆ చీరకు ఎండ తగిలేది. అదీ ఊళ్లో నాటకం రోజునే.

కంబదూరు దగ్గర ఆ పల్లెలో వాన పడినా పడకపోయినా, శనక్కాయ పండినా ఎండినా, శివరాత్రి మరునాడు ద్రౌపదీ వస్త్రాపహరణం ఆడాల్సిందే. దుశ్శాసనుడు లాగడానికి చీరలు కావాలి కదా! ఇంటికొక చీర అడిగి తెచ్చి, కొంగుకు కొంగు ముడివేసి ద్రౌపది వేషగాడికి చుట్టేస్తారు. ఒక్కో చీర ఊడి వస్తుంటే "అదో మాది! అదో మాది!" అని ఆడవాళ్లు చేసే గోలలో పద్యాలు ఎవరికీ వినిపించవు. అన్నిటికీ లోపల ఒక చీర ఉంటుంది. దుశ్శాసనుడు అలసి కూలబడ్డాక ద్రౌపది ఒంటిమీద మిగిలేది అదే. ఆ చీర వేషగాడి ఇంటి నుంచే రావాలి, ఆ ఇంటి ఆడమనిషే కట్టాలి.

భద్రమ్మ భర్త గోవిందప్ప ఏళ్ల తరబడి ద్రౌపది వేశాడు. "ద్రౌపది పెండ్లాం వస్తాంది" అని ఊరంతా ఆమెను ఆటపట్టించేది. ఆమె పైకి కసురుకునేది, లోపల మురిసిపోయేది. పోయిన వానాకాలం జ్వరమొచ్చి గోవిందప్ప పోయాడు. ఈసారి ఆ వేషం కొడుకు నారాయణది. అది పంతొమ్మిది వందల డెబ్బై నాలుగు. పెట్రోమాక్సు లైట్లకు కిరసనాయిలు దొరక్క, ఆటను పగటిపూటకు మార్చారు.

ఎండ ఇంకా ఎక్కకముందే తిప్పయ్య వచ్చాడు. ఊరికి నాటకం నేర్పే పెద్ద ఆయనే. కొడుకులు అడవికి పోతుంటే గుండెలు బాదుకుని ఏడ్చే కుంతి వేషం కూడా ఆయనదే. మంచం మీద చీర చూసి నసిగాడు.

"వదినా, ఈ తూరి కోడలు చీర కట్టిస్తే బాగుంటాదని అనుకుంటాండారు."

"ఎవురు అనుకుంటాండారు?"

"అందరూ. కట్టేది గూడా ఆ పిల్లే అయితే మేలు. ముత్తైదువ చెయ్యి గదా. నువ్వు ఆ పక్కకు రాకుండా ఉంటే..."

భద్రమ్మ చీర మడిచి లోపలికి తీసుకుపోయింది. మొగుడు పోయిన రోజున కూడా ఆమెకు ఇంత చిన్నతనం అనిపించలేదు. ఆయనతో పాటు ఆ రంగస్థలం కూడా తనకు లేకుండా పోయిందని అప్పుడే తెలిసింది.

అబద్ధమెందుకు, కోడలు యశోదమ్మకు మాత్రం సంతోషమే అయింది. కళ్యాణదుర్గంలో మోజుపడి కొనిపించుకున్న ఆకుపచ్చ నైలాన్ చీర ఉంది. ఊరంతా దాన్ని చూస్తుంది! చీర భుజాన వేసుకుని అత్త దగ్గరికి వచ్చింది.

"అత్తా, ముడి ఎట్ల ఏయాల్నో చూపిస్తావా?"

"నా చెయ్యి తగలగూడదంట గదమ్మా. సూపు మాత్రం తగలొచ్చునా?"

"ఆ మాట అన్నోడు తిప్పయ్య మామ. కోపం నామీదనా?"

"నువ్వేమీ అనలేదులే. ఆయప్ప గడప దాటకముందే పెట్టె తీసి చీర ఎతుక్కుంటివి, అంతే."

యశోదమ్మ మొహం ఎర్రబడింది. అరుగు మీద అద్దం పెట్టుకుని మీసం గీసుకుంటున్న నారాయణ ఇటు తిరిగాడు. "మీరిద్దరూ ఇట్ల కొట్లాడుకుంటే నేను ఆడికి పోయి పద్యాలు మర్సిపోతా."

"నువ్వు నోరు మూసుకోప్పా!" అన్నారు అత్తాకోడళ్లు ఒక్కసారే. సగం మీసంతో నారాయణ మళ్లీ అద్దం వైపు తిరిగాడు.

మధ్యాహ్నానికి బడి ముందర పందిరి కింద జనం నిండిపోయారు. బడి గదిలో యశోదమ్మ మొగుడికి నైలాన్ చీర కట్టింది. నాలుగడుగులు వేయగానే కుచ్చిళ్లు జారి కాళ్ల మీద పడ్డాయి. మళ్లీ కట్టింది, మళ్లీ జారింది. బయట మద్దెల మోగుతోంది.

"ఏమే, దుశ్శాసనుడు రాకముందే నా పరువు తీసేటట్లుండావే!" అన్నాడు నారాయణ, రెండు చేతులా నడుము పట్టుకుని.

యశోదమ్మకు ఏడుపు ముంచుకొచ్చింది. చీరల కుప్ప అక్కడే వదిలేసి ఇంటికి పరుగెత్తింది. భద్రమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

"అత్తా, లెయ్యి. నా చీర నిలస్తా లేదు."

"తిప్పయ్యతో చెప్పుకోపో."

యశోదమ్మ మంచం పక్కన కూర్చుని అత్త చెయ్యి పట్టుకుంది. "నా చీర అందురూ చూస్తారని ఎగిరితి. నీ మొగం ఒగసారన్నా చూడకపోతి. తప్పు నాదే అత్తా. నీకు దండం పెడతా, రా."

భద్రమ్మ లేచింది. ఎర్రచీర తీసుకుని ఇద్దరూ వెనకదారిన బడి గదికి చేరుకున్నారు.

లోపల కొడుకుని చూసి ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది. రవిక తొడుక్కుని, మొహానికి అర్దళం రంగు పూసుకుని, నైలాన్ చీరను పొట్ట దగ్గర మూటలా అదిమి పట్టుకుని బిక్కమొహం వేసుకుని ఉన్నాడు. భద్రమ్మకు నవ్వు ఆగలేదు. గోవిందప్ప పోయాక ఆమె నవ్వడం అదే మొదలు. కోడలు కూడా కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. నవ్వుతూనే భద్రమ్మ ఎర్రచీర విప్పి కొడుకు నడుముకు బిగించసాగింది.

అప్పుడే తిప్పయ్య తెల్లచీర కొంగు సర్దుకుంటూ లోపలికి వచ్చాడు.

"వదినా! ఏం పని ఇది? పొద్దున్నే చెప్తి గదా!"

భద్రమ్మ చేతులు ఆగిపోయాయి. యశోదమ్మ వాళ్లిద్దరి మధ్యకు వచ్చి నిలబడింది.

"మామా, నువ్విప్పుడు ఏం వేషంలో ఉండావ్?"

"కుంతి వేషం. కనపడలేదా?"

"కుంతికి మొగుడుండాడా?"

గదిలో మిగతా వేషగాళ్లెవరో కిసుక్కున నవ్వారు. తిప్పయ్యకు కోపం వచ్చింది. "వేషం వేరే, ఇది వేరే!"

"సరే, వేరేనే. నువ్వు కట్టుకున్న చీర ఎవురిది?"

తిప్పయ్య వంగి తన చీర చూసుకున్నాడు. "మా హనుమంతక్కది."

"కట్టింది ఎవురు?"

కట్టిందీ ఆ అక్కే. హనుమంతమ్మ చిన్నతనంలోనే మొగుణ్ణి పోగొట్టుకుని పుట్టింటికి వచ్చింది, ఈ తమ్ముణ్ణి ఎత్తుకుని పెంచింది. ఏటా తన తెల్లచీరే తమ్ముడికి కట్టి, కుచ్చిళ్లు సర్ది, నెత్తిన చెయ్యి పెట్టి ఆటకు పంపేది. ఆ చేతికి ముత్తైదువతనం లేదన్న సంగతి ఆయనకు ఒక్కనాడూ తోచలేదు. తన అక్క కదా, అందుకని.

తిప్పయ్య కొంగుతో మొహం తుడుచుకున్నాడు. రంగు చెదిరిపోయింది.

"వదినా, బిగించి కట్టు తల్లీ. ఆడ దుశ్శాసనుడు మీసాలు దువ్వుతాండాడు," అని బయటికి పోయాడు. పోయి ముందు వరసలో చాప పరిపించి, ఎక్కడో గోడ పక్కన కూర్చున్న అక్కను తీసుకొచ్చి కూర్చోబెట్టాడు. చీర కట్టడం అయ్యాక భద్రమ్మను కూడా ఆమె పక్కనే కూర్చోమన్నాడు.

ఆట మొదలైంది. దుశ్శాసనుడు లాగుతున్నాడు. పసుపు చీర, నీలం చీర, యశోదమ్మ ఆకుపచ్చ నైలాన్ చీర వరసగా వస్తున్నాయి. "అదో మాది!" అని అందరికంటే గట్టిగా అరిచింది యశోదమ్మే. గిరగిరా తిరిగి తిరిగి నారాయణకు కళ్లు బైర్లు కమ్మాయి. ఎర్రచీర బయటపడింది. ఇప్పుడు ద్రౌపది రెండు చేతులెత్తి "అన్నా, కృష్ణా!" అని పిలవాలి.

నారాయణకు ఎదురుగా చాప మీద తల్లి కనిపించింది.

"అమ్మా!" అని పిలిచాడు.

హార్మోనియం ఆగిపోయింది. బల్ల మీద అభయహస్తం ఎత్తుకుని సిద్ధంగా ఉన్న కృష్ణుడు దిక్కులు చూశాడు. ఎవరూ నవ్వలేదు. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. హనుమంతమ్మ భద్రమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఆట అయ్యాక నారాయణ వేషంతోనే తల్లి ముందుకు వచ్చి తల వంచుకున్నాడు. "అమ్మా, తప్పు పలికినా."

భద్రమ్మ కన్నీళ్లు కారుతుండగానే కొంగుతో కొడుకు మొహం మీది రంగు తుడిచింది. "మీ నాయన ఇన్నేండ్లలో ఒగ మాట తప్పి ఎరగడు. నువ్వు తొలి ఆటకే తప్పితివి గదరా!" అంది.

తుడుస్తూ తుడుస్తూ, కాస్త ఆగి అంది:

"వచ్చే ఏడు గూడా అట్లే తప్పు నాయనా."