మందారం కుండీలో కొండపిండి

"మీ నాన్నకు ఏం తాగిపిస్తున్నరు మేడం?"

తొలి పరిచయంలో ఏ అబ్బాయైనా అమ్మాయి పేరడుగుతాడు. హరిలాల్ మాత్రం ఇదడిగాడు. భద్రాచలంలో ఒక డయాలసిస్ సెంటర్‌లో అతను టెక్నీషియన్. చేతిలో నాగలత తండ్రి వెంకటనారాయణ గారి బ్లడ్ రిపోర్టు ఉంది. ముఖంలో మందుకు కూడా నవ్వు లేదు.

నాగలత గర్వంగానే చెప్పింది. "గలిజేరు, కొండపిండాకు. మా పెరట్లో నేనే పెంచా. కిడ్నీలకి మంచిది."

"రాళ్లున్నోళ్లకు మంచిదంటరు. మీ నాన్నకు కిడ్నీలే పనిచేస్తలేవు. ఆకురసంల పొటాషియం ఉంటది. అది ఒంట్లకెళ్లి బయటికి పోదు. ఎక్కువైతే గుండె ఆగిపోతది."

"మీకు మిషన్ల సంగతి తెలుసు. మొక్కల సంగతి నాకు తెలుసు."

"మిషన్ పక్కన పండుకున్న మనిషి సంగతి ఇద్దరికీ తెల్వాలె గదా."

ఆమెకు ఒళ్లు మండిపోయింది.

తల్లి ఎప్పుడో పోయింది. ఉన్నది నాన్న ఒక్కడే. ఇక బతికినన్నాళ్లూ డయాలసిస్సేనని డాక్టర్ చెప్పిన రోజు నుంచి, పెరట్లో క్రోటన్లూ నందివర్ధనాలూ ఉన్నచోట మందుమొక్కలు కూడా వచ్చి చేరాయి. చూస్తూ కూర్చోవడం నాగలత వల్ల కాలేదు. అందుకే ఆకులూ గింజపట్టిన పూతా కాడలూ కలిపి మిక్సీలో వేసేది. వడగడితే బలం పోతుందని వడగట్టేది కాదు.

వరండాలో వాలుకుర్చీ, దాని పక్కనే ఎర్రమందారం కుండీ. వెంకటనారాయణ గారు గ్లాసు అందుకుని రోజూ ఒకే మాట అనేవారు.

"చేదుగా ఉందమ్మా. ఒక లవంగం తే."

ఆమె లవంగంతో వచ్చేసరికి గ్లాసు ఖాళీ.

తర్వాతి రిపోర్టులో పొటాషియం దిగింది. నాగలత ఆ కాగితం హరిలాల్ ముందు ఆడించింది. "చూశారా సార్? రసం మానలేదు. అయినా తగ్గింది!"

హరిలాల్ మంచం మీదున్న పెద్దాయన వంక చూశాడు. పెద్దాయన ఫ్యాన్ వంక చూస్తున్నారు.

"అవ్ మేడం, మీరే గెలిచిన్రు" అన్నాడతను.

"గిట్లనే ఒప్పుకోవాలె" అంది అతని యాసలోనే. అతను నవ్వాడు. ఆ నవ్వు బాగుందని అనిపించి, తన మీద తనకే చిరాకేసింది. ఆ తర్వాత రిపోర్టు వచ్చినప్పుడల్లా పోట్లాటే. ఓడేది ఎప్పుడూ హరిలాలే. నాలుగ్గంటల డయాలసిస్ ఆమెకు ఇప్పుడు అంత పొడుగ్గా అనిపించడం లేదు.

వానలు పట్టాక ఒకనాడు పొద్దున్నే వెంకటనారాయణ గారు ఆ వాలుకుర్చీలోనే పోయారు. గుండె ఆగిందన్నారు.

గుండె! ఆ మాట నాగలతను పాములా చుట్టుకుంది. పరామర్శకు వేంసూరు నుంచి వచ్చిన పెద్దమ్మ ప్రమీలారాణి ఊరుకోలేదు. "పసర్లు తాగించి నిండు ప్రాణం తీసింది" అని నలుగురిలో అనేసింది. నాగలతా అదే అనుకుంటోంది మరి. బంధువులంతా వెళ్లిపోయాక వానలోనే పెరట్లోకి దిగి, మందుమొక్కలన్నీ పీకి పారేసింది.

హరిలాల్ వచ్చేసరికి ఆమె చేతులనిండా బురద.

"ఎందుకొచ్చావు? నువ్వు ముందే చెప్పావు, నేను వినలేదు. నా చేతుల్తో నేనే చంపుకున్నా."

"లేదు లతా. ఆ రసం ఆయన తాగలే."

"ఓదార్చడానికి అబద్ధాలు చెప్పకు."

"నేను చెప్పిన రోజే బంద్ చేసిండు. 'పిల్ల ఆ మొక్కల మీదే ఆశ పెట్టుకుంది బాబూ, వద్దని ఎట్లా చెప్పేది' అన్నడు. రోజూ పారబోసెటోడు. గుండె ముందునుంచే అలిసిపోయుండె. ఆఖరి రిపోర్టుల గూడ పొటాషియం మంచిగనే ఉంది."

"ఎక్కడ పారబోశాడు? నేనెప్పుడూ చూడలేదే."

అతను వరండా అంతా కలియజూశాడు. అతనికీ తెలియదు. ఆమె చూపు వాలుకుర్చీ మీద పడింది, అక్కడినుంచి మందారం కుండీ మీదికి జారింది. దగ్గరికెళ్లి ఆకులు పక్కకు తీసింది. మట్టి మీద ఎండిన పసరు పచ్చగా పెచ్చుకట్టి ఉంది. ఆ పెచ్చులను చీల్చుకుని చిన్న చిన్న కొండపిండి మొలకలు. ఆ కుండీలో ఆమె ఎన్నడూ విత్తనం వేయలేదు.

లవంగం... నాగలత అక్కడే కూలబడి ఏడ్చింది. నాన్న పోయాక గట్టిగా ఏడవడం అదే మొదలు. హరిలాల్ వానచూరు కింద నిలబడిపోయాడు.

మోచేత్తో కళ్లు తుడుచుకుని అడిగింది. "అన్నీ తెలిసి నాతో ఎందుకు ఓడిపోయావు?"

"గెలిచినప్పుడే నువ్వు నవ్వుతుంటివి. నాకు ఆ నవ్వు కావాలె. ఇప్పుడు గూడ కావాలె."

ఆమె తల దించుకుంది.

"మీ నాన్న ఇంకో మాట గూడ అన్నడు. 'నేను పోయాక అది తనను తానే తిట్టుకుంటుంది. అప్పుడు నిజం చెప్పు. చెప్పి వెళ్లిపోకు' అన్నడు. తండా పిలగానితోటి, నా చెయ్యి పట్టుకోని అన్నడు."

నాగలత లేచి లోపలికెళ్లింది. చేతులు కడుక్కుని టీ తెచ్చింది. అతన్ని వాలుకుర్చీలో కూర్చోమని, మందారం కుండీని చేతికి అందకుండా అవతలికి జరిపి, గ్లాసు ఇచ్చింది.

అతను ఒక గుక్క తాగాడు. చక్కెర వేయడం మరిచిపోయింది.

"ఒక లవంగం తెస్తవా?"

ఏడుపులోనే ఆమెకు నవ్వొచ్చింది. మెట్టు మీద అతనికెదురుగా కూర్చుంది.

"తేను. తాగేదాకా ఇక్కడినుంచి కదలను."