పాము అక్షరం

“మా అమ్మని మక్కాలో పైసా లేకుండా నిలబెట్టావు గదే...”

మక్కా నుంచి తెచ్చిన పవిత్ర జమ్‌జమ్ నీళ్ల కోసం వచ్చిన చుట్టాలందరి ముందూ భర్త ఐజాజ్ ఆ మాట అనగానే సమ్రీన్ చేతిలోని ఖర్జూరాల పళ్లెం కింద పెట్టేసింది. ఉమ్రా యాత్ర ముగించుకుని అత్తగారు రషీదా నరసరావుపేటలోని ఇంటికి వచ్చి రెండు గంటలు కూడా కాలేదు! వరండాలో మంచం మీద కూర్చున్న ఆమె మోకాళ్లు కుండల్లా వాచి ఉన్నాయి. ఆడపడుచు నౌషీన్ వాటికి నూనె రాస్తోంది. నౌషీన్ భర్త ఫైజల్ పక్క కుర్చీలో కూర్చుని వచ్చినవాళ్లకు తలా ఒక అత్తరు సీసా ఇస్తున్నాడు. అత్తను వెంటబెట్టుకుని వెళ్లి క్షేమంగా తీసుకొచ్చిన అల్లుడు మరి!

నిప్పు రాజేసింది అతనే. రెండోసారి ఉమ్రా చేసిన రోజున ఏటీఎం మిషన్‌లో కార్డు పని చేయలేదట. చక్రాల కుర్చీకి అద్దె కట్టలేక, సఫా, మర్వా గుట్టల మధ్య ఏడుసార్లూ ముసలావిడ గోడ పట్టుకుని నడిచిందట. కార్డు ఆపేసింది ఇక్కడ కూర్చున్న కోడలేనట. అంతా నిజమే. ఆ కార్డును ఫోన్లో బ్లాక్ చేసింది సమ్రీనే.

ఆ కార్డు ఆమెదే. ఆ ఖాతాలోని డబ్బు తొమ్మిదేళ్లు స్కూలు యూనిఫారాలు కుట్టి, కూతురు యాస్మిన్ నర్సింగ్ సీటు కోసం దాచినది. ఫీజు కట్టడానికి సోమవారమే ఆఖరు. అందులోంచి పదిహేను వేల దాకా తిండికి, కుర్చీకి వాడుకోమని తనే అత్తగారి చేతికి కార్డు ఇచ్చింది. నోట్లు మార్చే ఏజెంటు కమిషన్ ఎక్కువ అడిగితే, బ్యాంకుకు వెళ్లి చవకైన దారి కనుక్కుంది. పరాయి దేశం మిషన్ రూపాయల్లో లెక్క వేయనా, అక్కడి రియాళ్లలో వేయనా అని అడుగుతుందనీ, రూపాయలు అంటే మిషన్ వాడు తన ఇష్టమొచ్చిన రేటు వేసి మింగేస్తాడనీ, ఎప్పుడూ రియాళ్లే నొక్కాలనీ అక్కడి అమ్మాయి చెప్పింది.

రషీదాకు చదువు రాదు. సమ్రీన్ ఒక అట్టముక్క మీద రెండు గడులు గీసి, ఒకదానిలో రియాళ్లకు SAR అనీ, ఇంకోదానిలో రూపాయలకు INR అనీ రాసింది. వంకర తిరిగిన మొదటి అక్షరాన్ని చూపించి, అది పాము, అదే నొక్కాలి అంది. రెండోదాని మొదట నిలబడినది కర్ర, దాన్ని ముట్టుకోవద్దు అంది. “కర్ర వదిలేసి పాముని పట్టుకోమంటావేందే, చంపుతావా నన్ను?” అని రషీదా పడీ పడీ నవ్వింది. పది రోజులు, కుట్టుమిషన్ పక్కన కూర్చుని, ఆ పామును నొక్కుతూనే ఉంది.

మక్కా నుంచి సమ్రీన్ ఫోనుకు వచ్చిన మొదటి రెండు మెసేజులూ రియాళ్లలోనే ఉన్నాయి. ఆమె మురిసిపోయింది. ఐదో రోజు నుంచి వచ్చినవన్నీ రూపాయల్లో... ఒక్క రోజే మూడు! సగానికి పైగా డబ్బు పోయింది. ఫోన్ చేస్తే ఫైజల్ ఎత్తలేదు. అత్తగారు కర్రను నొక్కదు. ఎవడో దొంగ కార్డు కొట్టేశాడనుకుని, వెంటనే బ్లాక్ చేసింది.

ఇప్పుడు ఆ మెసేజులు చూపిస్తే ఐజాజ్ విసుక్కున్నాడు. రూపాయలైతే ఏంది, రియాళ్లైతే ఏంది, తీసింది అమ్మే కదా అన్నాడు. ఫైజల్ అయితే గుండె మీద చెయ్యి వేసుకుని, తాను రొక్కం పట్టుకెళ్లాననీ, అదీ అప్పటికే అయిపోయిందనీ, ఆ కార్డు సంగతి దేవుడెరుగు, అసలు అక్కడి ఏటీఎం మొహమే చూడలేదనీ చెప్పాడు.

సమ్రీన్ అత్తగారి ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

“అత్తమ్మా... ఒక్క మాట చెప్పండి. పాము నొక్కారా, కర్ర నొక్కారా?”

రషీదా కోడలి వైపు చూడలేదు. తన కాళ్లకు నూనె రాస్తున్న కూతురి నడినెత్తి వైపు చూసింది. నౌషీన్ చేతులు ఆగిపోయాయి. ముసలావిడ, “ఏమోనమ్మా... గుర్తులేదు. పెద్దదాన్ని. ఒకసారి అది, ఒకసారి ఇది నొక్కి ఉంటా,” అంది.

అంతే! పది రోజుల పాఠం, ఆ నవ్వు, అన్నీ ఆ ఒక్క మాటతో కొట్టుకుపోయాయి. ఐజాజ్ పెదనాన్న అబ్దుల్ మజీద్ గడ్డం సవరించుకుని తీర్పు చెప్పాడు. పవిత్ర యాత్రలో పెద్దావిడను కష్టపెట్టినందుకు, తోడు వెళ్లిన అల్లుడిని అనుమానించినందుకు కోడలు ఇద్దరినీ మాఫీ అడగాలన్నాడు. సమ్రీన్ గుమ్మంలో నిలబడ్డ యాస్మిన్‌ను చూసింది. కూతురి ముందు ఇంతకంటే రభస వద్దనుకుంది. అత్తగారి పాదాలు తాకి, ఫైజల్ వైపు తిరిగి, తల దించుకుని మాఫీ అడిగింది.

ఫైజల్ మనసు ఉప్పొంగిపోయింది. పెద్దమనిషిలా కాలు మీద కాలు వేసుకుని, ఆమెకూ ఒక అత్తరు సీసా చాపాడు. వినుకొండ బస్టాండ్ దగ్గర తన ఫ్యాన్సీ షాపులో ఇవి వారం తిరక్కుండా అమ్ముడుపోతాయనీ, నాలుగు పెట్టెలు తెచ్చాననీ చెప్పాడు. తర్వాత పాఠం మొదలుపెట్టాడు.

“ఆ బ్యాంకోళ్లకేం తెలుసు చెల్లెమ్మా? రియాళ్లు నొక్కితే మనకెంత పోయిద్దో లెక్క తెలవదు. రూపాయలే నొక్కాల. ఎంత పోయిందో అక్కడే తెలిసిపోయిద్ది. నేను నొక్కినప్పుడల్లా...”

ఆగిపోయాడు.

మజీద్ పైకప్పు వైపు చూశాడు. ఐజాజ్ సమ్రీన్ ఫోనులోని మెసేజులను మళ్లీ పైనుంచి కిందకు చదివాడు, తర్వాత ఫోను బోర్లించి బల్ల మీద పెట్టాడు. నౌషీన్ ముఖం పాలిపోయింది. అందరికీ అర్థమైంది! ఎవరో ఒకరు నోరు తెరుస్తారని సమ్రీన్ ఎదురుచూసింది. కనీసం భర్త...

“సమ్రీన్,” అంది రషీదా మెల్లగా, “అందరికీ చాయ్ పెట్టమ్మా.”

వంటింట్లో నీళ్లు మరుగుతుండగా అడుగుల చప్పుడు వినిపించింది. గోడ పట్టుకుని, ఒక్కో అడుగూ ఈడ్చుకుంటూ రషీదా వచ్చింది. కొంగు చాటు నుంచి ఆ అట్టముక్క తీసి పొయ్యి గట్టు మీద పెట్టింది. మక్కాకూ తీసుకెళ్లిందన్నమాట! దాని మీద పాము చెరిగిపోయి మరక మిగిలింది. కర్ర మాత్రం గీసిన నాటిలాగే ఉంది.

“రెండుసార్లూ పామునే నొక్కా. మూడోసారి, జనం తొక్కిసలాటలో నీకెందుకని కార్డు లాక్కున్నాడు. మళ్లీ ఇయ్యలా.”

“ఈ మాట అక్కడ చెప్పాల్సింది అత్తమ్మా.”

“చెప్తే నౌషీన్ని ఇద్దరు పిల్లలతో నా గడప మీద ఇడిసిపెట్టి పోతాడు. అది తట్టుకోలేదు తల్లీ. నువ్వు తట్టుకుంటావు.”

సమ్రీన్ కళ్లలోంచి నీళ్లు జారలేదు. అవి కూడా ఈ ఇంట్లో ఎవరికో అవసరమవుతాయేమో అనిపించింది. తట్టుకుంటుందనే కదా, ఇన్నేళ్లూ ప్రతి బరువూ తెచ్చి తన నెత్తినే పెట్టారు... అట్ట తీసుకుని వరండాలోకి వెళ్లి పరిచి చూపించవచ్చు. ఆమె చాయ్ వడగట్టి, కప్పులు సర్దింది.

ఫైజల్ కప్పు అందుకుంటూ ఆమె ముఖం చూడలేదు. నౌషీన్ మాత్రం చూసింది, చూసి కప్పు తీసుకోకుండా లోపలికి వెళ్లిపోయింది.

సోమవారం రానే వచ్చింది, పోయింది. వచ్చే ఏడు చూద్దాంలే అన్నాడు ఐజాజ్, చొక్కా గుండీలు పెట్టుకుంటూ. యాస్మిన్ వచ్చి తల్లి పక్కన కూర్చుని, కత్తిరించిన నీలం గుడ్డకు గుండీలు కుట్టసాగింది.

ఎన్నాళ్లుగానో కుట్టుమిషన్ ఒక కాలు పొట్టిదై ఊగుతోంది. సమ్రీన్ ఆ అట్టముక్కను రెండు మడతలు వేసి, దాని కింద దోపింది. తొక్కి చూసింది. మిషన్ కదల్లేదు.