ఆక్లండ్ చేరిన మెసేజ్

చంద్రమ్మ కుర్చీలో కూర్చోలేదు. మలక్‌పేటలోని ఆ చిన్న ఆఫీసులో గుమ్మానికీ కిటికీకీ మధ్య తిరుగుతూనే డిటెక్టివ్ విమలాదేవి ముందు ఫోన్ పెట్టింది.

"నా బిడ్డ భాగ్యశ్రీ మేడమ్. నర్సు. ఆక్లండ్‌ల నౌకరొచ్చిందని నిన్న పొద్దుగాల ఎయిర్‌పోర్టుకు పోయింది. రాత్రి 'చేరిన, ఫికర్ చెయ్యకు' అని మెసేజ్ వచ్చింది. ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తుతలేదు. మా పెద్దోడు లొల్లి చెయ్యకంటడు. నా పానం ఆగుతలేదు."

విమాన సమయం ఉదయం ఆరు. మెసేజ్ వచ్చింది రాత్రి తొమ్మిదికి. రెండూ చూసి విమలాదేవి లేచింది. ఆ ముఖం చూడగానే అసిస్టెంట్ మహేందర్ తాగుతున్న చాయ్ వదిలేసి బండి తీశాడు.

ఉప్పుగూడలో చంద్రమ్మ ఇంటికి భాగ్యశ్రీ స్నేహితురాలు బేబీని కూడా పిలిపించారు. ఆమే ఎయిర్‌పోర్టు దాకా వెంట వెళ్లింది. అదే ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకుంటే ఆమెకు రాలేదు. మహేందర్ అనుమానమంతా ఆమె మీదే. భాగ్యశ్రీ అన్న డానియేలు కిషన్‌బాగ్‌లో రిపేర్లకని మూసిన ఫంక్షన్ హాల్‌కు మేనేజర్. పనికి ఆలస్యమవుతోందని తాళాలగుత్తి ఆడిస్తూ విసుక్కుంటున్నాడు.

అందరూ కూర్చున్నాక విమలాదేవి ఒకటే అడిగింది. "ఆక్లండ్ వెళ్లడానికి ఎంతసేపు పడుతుంది?"

"పదిహేను గంటలు," ఠక్కున అన్నాడు డానియేలు.

బేబీ అతనివైపు వింతగా చూసింది. "గదెట్లన్నా? సింగపూర్‌ల దిగి, మస్తు సేపు ఆగి, ఇంకో విమానం ఎక్కాలె. నేను టికెట్ చూసిన. ఇయ్యాల పొద్దుగాలకు గాని చేరదు."

"మరి రాత్రే చేరానని మెసేజ్ ఎలా వచ్చింది?" విమలాదేవి గొంతు పెంచలేదు. "రెండు ఊళ్ల దూరం ఫోన్లో వెతికితే దాదాపు పన్నెండు వేల కిలోమీటర్లు, పదిహేను గంటలు అని వస్తుంది. ఎక్కడా ఆగకుండా తిన్నగా ఎగిరితే పట్టే సమయం అది. టికెట్ చూసిన బేబీ అయితే ఈ పొద్దున పంపేది. చూడనివాడే రాత్రి పంపాడు. డానియేలూ, చెల్లెల్ని ఏమని వెనక్కి పిలిచావు?"

డానియేలు తల దించుకున్నాడు. "అమ్మ పడిపోయింది, జల్ది రా అని ఫోన్ చేసిన. మా ఓనర్ తమ్మునికి దాన్నిచ్చి పెండ్లి చేస్తనని మాటిచ్చిన మేడమ్. జాయినింగ్ తారీఖు దాటితే ఒప్పుకుంటదనుకున్న. ఫోన్ గుంజుకొని మెసేజ్ నేనే పెట్టిన. హాల్‌ల ఉంది, తాళమేసిన. బువ్వ గిట్ల పెడుతున్న."

చంద్రమ్మ కొడుకు చేతిలోంచి తాళాలు లాక్కుని బయటికి నడిచింది.

హాల్‌లో పెళ్లికూతురి గది తలుపు తెరవగానే భాగ్యశ్రీ ఒక్క ఉదుటున వచ్చి తల్లి చేతులు, తల, భుజాలు తడిమి చూసింది.

"అమ్మా, మంచిగున్నవా? యాడ దెబ్బ తాకింది? ఎవ్వరూ చెప్తలేరు..."

మహేందర్ ముఖం తిప్పుకున్నాడు.

చంద్రమ్మ బిడ్డను గట్టిగా పట్టుకుంది. "నాకేం కాలేదు బిడ్డా." తర్వాత విమలాదేవి వైపు తిరిగింది. "పోలీసులకు ఫోన్ చెయ్యున్రి. కంప్లైంట్ మీద సంతకం నేనే పెడ్త."

బేబీ అప్పటికే మెట్ల మీద కూర్చుని ఆ రాత్రి విమానాలు వెతుకుతోంది.