ఎరుపెక్కిన పలకలు

1968 మార్చి 14. మధ్యాహ్నం 3:10.

ఆబిడ్స్‌లో కెమెరా ఫిల్టర్ల దుకాణం. కెమెరాలకు తగిలించే రంగు అద్దాలు అమ్ముతారు. వెనకగదిలో యజమాని శ్రీపతి బోర్లా పడి ఉన్నాడు. తల పగిలింది. పక్కన ఇనుప రాడ్.

శవం దగ్గర దొరికినవాడు రూఫస్. శ్రీపతి కార్ఖానాలో గాజు సానపట్టే పనివాడు. చొక్కా నిండా రక్తం. ఆ పొద్దునే శ్రీపతి అందరి ముందూ వాడి చెంప పగలగొట్టాడు. ఉరితాడుకు ఇంకేం కావాలి?

హెడ్ కానిస్టేబుల్ బుచ్చిబాబు బేడీలు వేసేశాడు.

ఇన్‌స్పెక్టర్ రాజనర్సు అడిగాడు. "గీడికెందుకొచ్చినవ్?"

"సానపట్టిన అద్దాలియ్యనీకె. సేట్ పడి ఉండె. లేపిన."

"చంపేసి లేపాడండీ, మహానుభావుడు!" అన్నాడు బుచ్చిబాబు.

డాక్టర్ మాట ప్రకారం చావు 2:30కీ 3:00కీ మధ్య.

"రెండున్నరకు యాడున్నవ్?"

"బేగం బజార్ల. సానపొడి కొననీకె పోయిన."

"చూసినోళ్లు?"

"గా భీడ్‌ల నన్నెవడు చూస్తడు?"

4:45. నాంపల్లి స్టేషన్ వెనక కార్ఖానా. ఆబిడ్స్ నుంచి సైకిలు మీద ఐదు నిమిషాలు. రూఫస్‌ను బేడీలతోనే తీసుకొచ్చారు. గేటు దగ్గర రూఫస్ భార్య బెత్సీ నిలబడి ఉంది. చుట్టూ జనం.

"అదిగో, హంతకుడి పెళ్లాం!" బుచ్చిబాబు గొంతు వీధంతా వినిపించింది.

లోపల గాజు కాల్చే భట్టీ చూసేవాడు ఇంద్రసేన. శ్రీపతి బామ్మర్ది.

"రెండింటికి పలకలు భట్టీల పెట్టిన. రెండు ఇరవైకి తీసిన. గీడనే ఉన్న. అడుగు బైట పెట్టలే."

ఆ వాంగ్మూలం కింద సంతకం కూడా పెట్టాడు.

బల్ల మీద, నెమ్మదిగా చల్లారేందుకు వేడి బూడిద మీద పరిచిన పన్నెండు గాజు పలకలు. ముదురు ఎరుపు. రూఫస్ వాటిని చూసి మొహం చిట్లించాడు.

"థూ. మాలంతా ఖరాబ్ జేసిండు."

"ఏంది?"

"ఇయ్యాల పసుపు పలకలు సార్. బోర్డు మీద సేట్ రాసిండు, సూడుండ్రి."

రాజనర్సు బోర్డు చూశాడు. రూఫస్‌ను పక్కకు తీసుకెళ్లి పది నిమిషాలు ప్రశ్నలు వేశాడు. తిరిగొచ్చి ఇంద్రసేన ఎదురుగా కూర్చున్నాడు.

"పోతపోసినప్పుడు పలకకు రంగుండదు. ఔనా?"

"ఔ."

"భట్టీల వేడికి లోపల కంటికి కనపడని గింజలు పుడ్తయి. చిన్న గింజ నీలం వెలుగునే మింగుతది. పలక పసుపుగ కనబడ్తది. ఇంకా ఉంచితే గింజ పెరుగుతది, ఆకుపచ్చ వెలుగును గూడ మింగుతది. అప్పుడు ఎరుపు. పసుపుకు ఇరవై నిమిషాలు. ఎరుపుకు గంట పైన. గా గంట యాడికి పోయినవ్?"

ఇంద్రసేన నవ్వాడు. "వేడి మీద ఎర్రగనే కొడ్తది సార్. చల్లారినంక పసుపైతది. జర ఆగుండ్రి."

అది సగం నిజమే. పలకలు ఇంకా వేడిగానే ఉన్నాయి.

"ఆగను." మొజంజాహీ మార్కెట్ నుంచి ఐసు గడ్డ తెప్పించాడు. ఒక పలకను దాని మీద పెట్టాడు.

టప్.

రెండుగా పగిలింది. కాసేపటికి రెండు ముక్కలూ చల్లబడ్డాయి. రెండూ ఎరుపే.

"గింజ పెరిగినంక మళ్ల చిన్నగ కాదు, ఇంద్రసేనా. ఇరవై నిమిషాల్ల తిరిగొద్దామనుకున్నవ్. కొట్లాట పెరిగింది."

ఇంద్రసేన ఒక్కసారిగా అరిచాడు.

"పదేండ్లు గీ పొగల సచ్చిన! భట్టీ రూఫస్‌కిస్తడంట! పొద్దుగాల చెంపదెబ్బ తిన్నోనికే ఇస్తడంట!"

బేడీలు చేతులు మారాయి.

"ఇంటికి పో" అన్నాడు రాజనర్సు.

రూఫస్ కదలకుండా బుచ్చిబాబు వైపే చూశాడు.

"ఇడిసినం గద. ఇంకేంది?"

"బైట జనం ఇంకా ఉన్నరు. నా పెండ్లాం గూడ ఉన్నది. గంతమంది ముంగట గీయన ఇప్పుడు ఏమంటడో ఇననీకి ఆగిన."

రాజనర్సు గేటు వైపు చెయ్యి చూపించాడు. బుచ్చిబాబు టోపీ తీసి చంకలో పెట్టుకుని, తల వంచుకుని అటు నడిచాడు.